తంగేడు, తుమ్మెద, వంకాయ

ఎంగిలిపూల బతుకమ్మకు ముందురోజు హనుమకొండ మార్కెట్లో గునుగు కట్టలు, తంగేడు కొమ్మలు రాశులు పోసి అమ్ముతారు. మా అమ్మకు వాటిని కొనాలంటే ఇప్పటికీ మనసొప్పదు. ఆమె చిన్నతనంలో పిల్లలంతా తెల్లవారకముందే చెరువుగట్టుకు, చేల గట్లకు వెళ్లి ఒడినిండా కోసుకొచ్చేవారట. అదే ఊళ్లో ఇప్పుడు గట్లు చాలావరకు బోసిగా ఉన్నాయి. గడ్డి మందు కొట్టినచోట మొక్కలు మాడి, ఎర్రటి చార ఒకటి పొలం చుట్టూ తిరుగుతుంది.

మన ప్రాంతంలో అడవి అనగానే పాకాల, ఏటూరునాగారం గుర్తొస్తాయి. ఇంకా ఉత్తరానికి వెళితే పులుల కోసం 2012లో ప్రత్యేక రక్షణ పొందిన కవ్వాల ఉంది. వాటి గురించి మాట్లాడేవారు ఉన్నారు. రెండడుగుల వెడల్పున్న గట్టును మాత్రం ఎవరూ అడవిగా లెక్కపెట్టరు. నేను లెక్కపెడతాను. ఎందుకో తెలియాలంటే పూసిన తంగేడు దగ్గర ఓ పావుగంట కదలకుండా నిలబడాలి.

పసుపు రేకుల మధ్య పది కేసరాలుంటాయి. అన్నీ ఒక పొడవు కావు, కొన్ని గొడ్డువి. ఈ పువ్వులో తేనె లేదు. వచ్చిన పురుగుకు దొరికేది పుప్పొడి ఒక్కటే, అదీ అంత సులువుగా దొరకదు. మందారంలోలాగా పుప్పొడి బయటికి అంటుకుని ఉండదు. గొట్టంలాంటి తిత్తిలో దాగి ఉంటుంది. తిత్తి కొసన సన్నని రంధ్రం, ఉప్పుబుడ్డి మూతకున్నట్టు. ఊపితేనే రాలుతుంది.

ఊపే పని గండు తుమ్మెదది. నల్లగా నిగనిగలాడుతూ అంగుళం దాకా ఉంటుంది. వచ్చి కేసరాలను కాళ్లతో పట్టుకుని, రెక్కలు ఆడించకుండానే, ఎగరడానికి వాడే కండరాలను సెకనుకు వందల సార్లు వణికిస్తుంది. అప్పటిదాకా వినిపించిన ఝుంకారం ఒక్కసారిగా సన్నబడి, కీచుగా మారుతుంది. ఆ క్షణంలో తుమ్మెద పొట్ట మీదికి పుప్పొడి జల్లులా పడుతుంది. తేనెటీగకు ఈ విద్య రాదు. గట్టు మీద ఎన్ని తేనెపట్లున్నా తంగేడుకు ఈ తుమ్మెద లోటు తీరదు.

ఇప్పుడు గట్టు దిగి పక్కనే ఉన్న వంగతోటలోకి రండి. ఊదారంగు పువ్వు మధ్యన పసుపుపచ్చని కేసరాలు గుంపుగా నిలబడి ఉంటాయి. వాటి కొసల్లోనూ అవే రంధ్రాలు. టమాటా పువ్వు కూడా ఊపితేనే పుప్పొడి బాగా రాలుస్తుంది. వంకాయ తన పుప్పొడితో తానే కాయగలదు, గాలి కూడా కొంత ఊపుతుంది. అయినా తుమ్మెద వణికించిన పువ్వుకు అందే పుప్పొడి ఎక్కువ, కాత మెరుగ్గా ఉంటుంది. యూరప్‌లో అద్దాల ఇళ్లలో టమాటా పండించేవారు ఒకప్పుడు కూలీలతో పువ్వుపువ్వుకూ కంపించే కర్రలు తాకించేవారు. 1980ల చివరి నుంచి ఆ పనికి, మన తుమ్మెదలాగే పువ్వును వణికించే బంబుల్ ఈగలను పెంచి, పెట్టెల్లో కొని తెచ్చుకుంటున్నారు. మనకు ఆ సాయం గట్టు మీది నుంచి ఉచితంగా వస్తోంది.

వంగతోట ఏడాదంతా పూయదు. తోట లేని రోజుల్లోనూ తుమ్మెద బతకాలి. వానలు తగ్గాక విరగబూసే తంగేడు అప్పుడు దాని కడుపు నింపుతుంది. గూడు ఎండుకొమ్మల్లో, వెదురు బొంగుల్లో, పాత దూలాల్లో తొలుచుకుంటుంది. శుభ్రం చేస్తున్నామనుకుని మోడులన్నీ తగలబెడితే దానికి పూలున్నా ఇల్లుండదు.

గునుగు సంగతి వేరు. పత్తిచేలో అది కలుపే, పీకెయ్యక తప్పదు. ఆ విషయంలో రైతును తప్పుపట్టడం అన్యాయం. కానీ ఉగాండాలో జొన్నచేలలో చేసిన ప్రయోగాల్లో, జొన్న వేళ్లను పట్టి సారం పీల్చే స్ట్రైగా అనే కలుపు ఉధృతి గునుగును కలిపి పెంచినచోట తగ్గింది. కలుపని కొట్టిపారేసిన మొక్కకు ఇలాంటి గుణం ఉంటుందని ఎవరనుకుంటారు? చేలో వద్దంటే వద్దు, గట్టు మీద దానికి చోటివ్వవచ్చు.

గడ్డి మందుతో పోయేది పూలొక్కటే కాదు. వేళ్లు చచ్చిన గట్టు వానకు కరిగి కాలువలోకి, అక్కడి నుంచి చెరువులోకి జారుతుంది. తంగేడు వేళ్లు ఆ మట్టిని పట్టి ఉంచుతాయి. దాని ఆకు పొలంలో తొక్కితే మంచి పచ్చిరొట్ట, బెరడు తోళ్లు ఊనడానికి పనికొచ్చేది. మేకలు కూడా దాన్ని పెద్దగా ముట్టవు. ఇంత తక్కువ అడిగి ఇంత ఇచ్చే పొద మరొకటి నాకు తెలియదు.

బతుకమ్మ పూలు చెరువు నీటిని శుద్ధి చేస్తాయని ఏటా రాస్తుంటారు. నాకది నమ్మబుద్ధి కాదు. ఏ పువ్వయినా కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. పెద్ద చెరువుకు అదొక లెక్క కాదుగానీ, చిన్న కుంటలో వేలాది బతుకమ్మలు కలిస్తే చేపలకు ఊపిరాడదు. మర్నాడు పూలను తీసి ఎరువుగుంటలో వేయాలి. గునుగుకు రసాయన రంగులు అద్దకపోతే ఆ ఎరువు ఏ చేనుకైనా వెళుతుంది. తెల్లని గునుగు కొసన ఆ లేత గులాబీ రంగు చూసిన కంటికి అద్దకం అవసరమనిపించదు.

కొమ్మ విరిచేటప్పుడు ప్రతి పొద మీదా కొన్ని గుత్తులు తుమ్మెదకు వదలండి. గునుగును వేళ్లతో పీకకుండా తల కోయండి. గట్టు మరీ గుబురుగా పెరిగి నడవడానికి వీలు లేదంటే, గడ్డి మందు డబ్బా పక్కన పెట్టి కొడవలి తీయండి. అదీ సద్దుల బతుకమ్మ దాటి, గునుగు నల్లని గింజ రాలాక.