గన్ కొన్నంత మాత్రాన రగ్గు రాదు: టఫ్టింగ్ మీద అపోహలు - వాస్తవాలు

టఫ్టింగ్ అంటే బిగించిన గుడ్డలోకి నూలు పోగుల్ని గుచ్చి రగ్గు చేయడం. ఆ పోగుల్ని గుచ్చే మెషిన్, టఫ్టింగ్ గన్, గుడ్డ మీద టకటకా పరుగెత్తడం, నిమిషంలో మెత్తటి రగ్గు తయారైపోవడం వీడియోల్లో చూసి నన్ను అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. అడిగేవి దాదాపు ఇవే కాబట్టి ఒకచోట రాసేస్తున్నా.

అపోహ: గన్ చేతిలో ఉంటే పూటలో పని అయిపోతుంది.

గన్ పని ఇందులో చిన్న ముక్కే. ముందు ఫ్రేమ్ మేకులకు గుడ్డను డప్పు మీద తోలులా బిగించాలి, కాస్త వదులైనా సూది దిగినచోట గుడ్డ వెనక్కి జరిగిపోయి పోగులు నిలబడవు, విసుగొచ్చి అక్కడే నాలుగుసార్లు కొడితే చిరుగుతుంది. నా మొదటి మూడు రగ్గులూ చెడింది ఇక్కడే, నేనేమో మెషిన్‌ని తిట్టుకున్నా. తర్వాత వెనక జిగురు పూయాలి, అది ఆరాలి, ఆపైన పోగుల్ని సమంగా కత్తిరించాలి. రెండు రంగులు కలిసే గీత దగ్గర కత్తెర పట్టుకుని కూర్చునే గంటలు ఏ వీడియోలోనూ కనిపించవు. అన్నట్టు, మనం కొట్టేది వెనకవైపు నుంచి, కాబట్టి డిజైన్ అద్దంలో కనిపించినట్టు తిప్పి గీయాలి. ఎవరిదైనా పేరు రాస్తే ఈ సంగతి చివర్లోనే గుర్తొస్తుంది.

అపోహ: ఇది సోషల్ మీడియాలో పుట్టిన ఫ్యాషన్.

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, డాల్టన్ దగ్గర క్యాథరిన్ ఎవాన్స్ అనే అమ్మాయి 1890ల్లో చేత్తో కుచ్చులు కుట్టి, అంటే టఫ్టింగ్ చేసి, దుప్పట్లు తయారుచేసింది, 1900లో ఒకటి 2.50 డాలర్లకు అమ్మింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లూ ఆ పని అందుకున్నారు, తర్వాత మెషిన్లొచ్చాయి, చివరికి డాల్టన్ కార్పెట్ల ఊరైపోయింది.

అపోహ: 'హ్యాండ్ టఫ్టెడ్' అంటే చేత్తో ముడులేసిన తివాచీ.

దీని మీదే ఎక్కువమంది మోసపోతారు. ముడుల తివాచీకి మగ్గం మీద పడుగు దారాలకు ఒక్కో పోగూ ముడివేస్తారు. టఫ్టింగ్‌లో ముడే లేదు, గుడ్డలోకి గుచ్చిన పోగును పట్టి ఉంచేది లేటెక్స్ జిగురు. వెనక తిప్పి చూడండి, డిజైన్ అక్కడా స్పష్టంగా కనిపిస్తే ముడులది, గుడ్డ అంటించి ఉంటే చాలావరకు టఫ్టింగే. టఫ్టింగ్ తక్కువరకం అని కాదు, దానికి ముడుల తివాచీ ధర చెబితేనే నాకు తగువు. ఏళ్లు గడిస్తే ఆ జిగురు పొడిపొడిగా రాలడం మామూలే.

అపోహ: వాషింగ్ మెషిన్‌లో వేయొచ్చు.

వద్దు. నానితే జిగురు దెబ్బతింటుంది. వాక్యూమ్ చేయండి, మరకైతే తడిగుడ్డతో అద్దండి చాలు.

అపోహ: పోగులు రాలితే రగ్గు పాడైనట్టే.

కొత్త రగ్గు, అందులోనూ ఉన్నిది, కొన్నాళ్లు నూగు రాలుస్తుంది. ఎక్కడైనా పోగు పొడుగ్గా పైకి లేస్తే మాత్రం లాగకండి, కత్తెరతో మిగతావాటి ఎత్తుకు కత్తిరించేయండి.