గషర్ అన్నా, బ్లోఅవుట్ అన్నా

1901 జనవరి 10. అమెరికాలోని టెక్సాస్‌లో, బోమాంట్ ఊరి పక్కన స్పిండిల్‌టాప్ దిబ్బ మీద హామిల్ సోదరులు ముడి చమురు కోసం బోరు వేస్తున్నారు. వెయ్యి అడుగులు దాటాక ముందు బురద ఉబికింది. ఆ వెంటనే టన్నుల బరువున్న ఇనుప పైపులు డెరిక్‌ను, అంటే బోరు మీద నిలబెట్టే ఎత్తైన చట్రాన్ని, విరగ్గొట్టుకుంటూ ఆకాశంలోకి లేచాయి. కాసేపు సద్దుమణిగింది. పనివాళ్లు చిందరవందరంతా సర్దుకుంటుంటే మళ్లీ పెద్ద చప్పుడు. గ్యాస్, దాని వెనకే నల్లటి నూనె, 150 అడుగుల పైకి! రోజుకు లక్ష బ్యారెళ్లని అంచనా. బ్యారెల్ అంటే 159 లీటర్లు. తొమ్మిది రోజులకు గానీ మూత పడలేదు.

అలా ఎగజిమ్మే బావిని వాళ్లు 'గషర్' అన్నారు. ఆ మాటలో అంతా సంబరమే. చూడ్డానికి జనం రైళ్లెక్కి వచ్చారు. లేని నూనెకు వాటాలు అమ్మే కంపెనీలు పెరిగేసరికి దిబ్బకు 'స్విండిల్‌టాప్' అని ఇంకో పేరు పడింది. స్విండిల్ అంటే మోసం. ఎకసెక్కెంలో టెక్సాస్‌వాళ్లూ మనకేం తీసిపోరు.

అసలు నూనె ఎందుకు ఎగజిమ్ముతుంది? అది రాతి సందుల్లో విపరీతమైన ఒత్తిడి కింద ఉంటుంది. బోరు నిండా ఉన్న బురద బరువే దాన్ని అణిచిపెట్టాలి. స్పిండిల్‌టాప్‌లో ఇసుక పొర కూలిపోతుంటే నీటిగుంటలోకి పశువుల్ని తోలి, తొక్కించి, చిక్కటి బురద తయారుచేశారని చెబుతారు. కింది ఒత్తిడి ముందు ఆ బరువు చాలకపోతే బావి పేలినట్టే.

సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. 1902లో 1.7 కోట్ల బ్యారెళ్లకు పైగా ఇచ్చిన దిబ్బ 1904కల్లా రోజుకు పదివేలకు పడిపోయింది. నూనెను పైకి నెట్టేదే ఆ ఒత్తిడి. పక్కపక్కనే వందల బోర్లు వేసి దాన్ని ఇష్టమొచ్చినట్టు వదిలేస్తే ఇంకేం మిగులుతుంది? 1922లో అబెర్‌క్రోంబీ, కామెరాన్ అనే ఇద్దరు టెక్సాస్‌వాళ్లు పైపును రెండు వైపుల నుంచీ నొక్కిపట్టి బావి నోరు మూసే యంత్రం తయారుచేశారు. దాని పేరు 'బ్లోఅవుట్ ప్రివెంటర్', అంటే బ్లోఅవుట్‌ను ఆపేది. గషర్ అన్నా, బ్లోఅవుట్ అన్నా జరిగేది అదే, పైకి చిమ్మడమే. కానీ గషర్ అంటే అదృష్టం, బ్లోఅవుట్ అంటే ప్రమాదం.

కోనసీమవాళ్లకు ఈ రెండో మాట ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుంటే, ఆ మంట ఆరడానికి 65 రోజులు పట్టింది.