చెమట వేరు, జిడ్డు వేరు

మేకప్ వేసుకుని గంట తిరగకముందే నుదురు, ముక్కు తళతళలాడతాయి. చెయ్యి పౌడర్ డబ్బా మీదికి పోతుంది. ఇంకాసేపటికి ముఖం మీద చారలు, ముక్కు పక్కన ఉండలు. నేనూ చాలాకాలం పౌడర్‌నే తిట్టుకున్నాను. దాని పని కానిది దానికి అప్పజెప్పానని తర్వాత తెలిసింది.

ముఖం మీద మెరిసేవి రెండు. చెమట దాదాపు 99 శాతం నీళ్లు, మిగతాది ఉప్పూ గట్రా. ఎండకో టెన్షన్‌కో నరాలు కబురు పంపితే చాలు, నిమిషాల్లో పైకి వచ్చేస్తుంది. జిడ్డుకు అంత తొందర లేదు. అది తైలగ్రంథులు చేసే సీబం, అంటే కొవ్వులు, మైనం, స్క్వాలీన్ అనే తైలం కలిసిన నూనె. హార్మోన్లు చెప్పినట్టు రోజంతా మెల్లగా ఊరుతుంది. ముఖం మీద చదరపు సెంటీమీటరుకు ఈ గ్రంథులు 400 నుంచి 900 దాకా ఉంటాయి. చేతులు, కాళ్ల మీద వందకు మించవు. మోచేయి మెరవదు, ముక్కు మెరుస్తుంది, అందుకే.

మెరుపు అసలు ఎక్కడిది? చర్మం దగ్గరగా చూస్తే గరుకు. దాని మీద పడ్డ వెలుగు నలువైపులా చెదిరిపోతుంది. నూనో నీళ్లో ఆ గుంటల్ని నింపి చదును చేస్తే వెలుగు ఒకే దిక్కుకు తిరిగొస్తుంది. పొడిగా ఉన్న రోడ్డు వాన పడ్డాక దీపాల కింద మెరవడం చూశారుగా, ఇదీ అంతే. పౌడర్‌లోని సిలికా రేణువులు జిడ్డును తమ సందుల్లోకి పీల్చుకుంటాయి, ఉపరితలాన్ని మళ్లీ గరుకు చేస్తాయి. జిడ్డుకు ఇది సరైన మందే.

చెమటకు కాదు. తడి గోడకు పెయింట్ వేస్తే నిలుస్తుందా? పైగా చెమట ఫౌండేషన్ (చర్మం రంగులో ముఖమంతా రాసే మేకప్) పొర కిందినుంచి వస్తుంది. బొట్టుబొట్టుగా పొరను లేపి చీలుస్తుంది. దాని మీద పౌడర్ పడితే ముద్ద అవుతుంది. కాబట్టి ముందు టిష్యూతో అద్దాలి. తుడిస్తే రంగు కూడా ఊడొస్తుంది. దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్టు తడి దానంతట అదే కాగితంలోకి పోతుంది. ఆరాక, జిడ్డున్న చోట మాత్రమే, పలచగా పౌడర్.

మేకప్ అయ్యాక చల్లుకునే సెట్టింగ్ స్ప్రే మీద చాలామందికి ఆశ ఎక్కువ. ఆరాక సన్నటి పాలిమర్ పొరను మిగులుస్తుంది, రంగును పట్టి ఉంచుతుంది. చెమటను ఆపదు. ఆపేవి అల్యూమినియం లవణాలు, స్వేదనాళాల నోళ్లను మూసేస్తాయి. కానీ చంకల కోసం చేసినవాటిని కళ్ల దగ్గరి పలచటి చర్మానికి రాయడం నాకైతే భయమే. ముఖం నుంచి చెమట ధారగా కారుతుంటే చర్మవైద్యుల దగ్గరికి వెళ్లడం నయం, దానికి వేరే మందులున్నాయి.

అన్నిటికంటే చవకైన ఉపాయం ఫ్యాన్, గాలికి చెమట త్వరగా ఆవిరవుతుంది. ఒక గ్రాము చెమట ఆవిరైతే ఒంట్లోంచి సుమారు 580 కేలరీల వేడి పోతుంది (తిండి లెక్కలో ఇది ఒక కేలరీ కూడా కాదు). గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆవిరి కాదు, అలాగే నిలుస్తుంది. ఒళ్లు చల్లబడకుండా మేకప్ మొదలుపెడితే మొదటి పొర కిందే తడి ఉండిపోతుంది.

ఇంకొక్క మాట. సిలికా పౌడర్ మరీ ఎక్కువైతే ఫ్లాష్ వెలుగును కెమెరా వైపే వెనక్కి చెదరగొడుతుంది. అద్దంలో బాగున్న ముఖం ఫొటోలో తెల్లటి మచ్చలతో కనిపిస్తుంది.