తారు పడితే తీయాల్సింది తారు కాదు, వేడి

మొన్న మళ్లీ అదే జరిగింది. రోడ్డు పనికొచ్చిన పాలమూరు కుటుంబం, నాలుగేళ్ల బాబు. పెద్దవాళ్లు పనిలో ఉండగా కాగిన తారున్న బకెట్ తన్నుకున్నాడు. పాదమంతా తారు పడింది. వాణ్ని ఎత్తుకొచ్చిన మేనమామ, తను చేయాల్సిందంతా చేశానన్న ధైర్యంతో చెప్పాడు: "తారు మొత్తం తీసినం మేడమ్. కిరోసిన్ పోసి గుడ్డతోటి తుడిచినం."

నిజమే, తారు లేదు. దాంతో పాటు చర్మమూ లేదు.

అపోహ: తారు ఒంటి మీద ఉన్నంతసేపూ విషం ఎక్కుతుంది, ఎలాగైనా వెంటనే తీసేయాలి.

పిల్లల కాలిన గాయాలు చూసే డాక్టర్‌గా నేను ఎక్కువ నష్టం చూసింది ఈ ఒక్క నమ్మకం వల్లే. కాల్చేది తారులో ఉన్న వేడి. రోడ్డుకి వాడే తారును 150 డిగ్రీలకు పైనే కాగబెడతారు. మరిగే నీళ్లు 100 డిగ్రీలే. పైగా నీళ్లయితే జారిపోతాయి. తారు అంటుకుపోయి, ఆ వేడినంతా చర్మంలోకి దించుతూ కూర్చుంటుంది. అందుకే ముందు నీళ్లు. ట్యాప్ కింద, బోరు దగ్గర, బిందెతో పోస్తూ, ఎలాగైనా సరే 20 నిమిషాలు. కంగారులో మొదట పోయలేకపోయినా, మూడు గంటల లోపు ఎప్పుడు పోసినా మేలే. నీళ్లు పోస్తూనే పట్టీలు, కడియాలు, మొలతాడు లాంటివి తారులో అతుక్కోకుండా ఉంటే తీసేయండి, తర్వాత వాపు వస్తుంది. బట్ట అతుక్కుంటే పీకకండి, దాని చుట్టూ కత్తిరించండి.

చల్లారి గట్టిపడ్డాక ఆ తారు నల్లగా, భయంకరంగా కనిపిస్తుంది గానీ విషమేమీ ఎక్కించదు. కొన్ని గంటలు అలాగే ఉన్నా పర్లేదు. లాగితే మాత్రం మానగలిగే చర్మాన్ని కూడా వెంట తెస్తుంది. తనంతట తాను మానాల్సిన గాయానికి తొడ నుంచి చర్మం తీసి అతికించాల్సి వస్తుంది.

కిరోసిన్, పెట్రోల్, టర్పెంటైన్ సంగతి ఇంకా ఘోరం. పచ్చి గాయాన్ని అవి మళ్లీ కాలుస్తాయి, ఒంట్లోకి ఇంకుతాయి, వాటి ఆవిరి చిన్నపిల్లల ఊపిరితిత్తులకు పడదు. పక్కనే తారు పొయ్యి మండుతుంటే ఇంకేం చెప్పాలి!

ఈ కిరోసిన్ అలవాటు ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలుసు. మా చిన్నప్పుడు వేసవి సెలవుల్లో కరిగిన రోడ్డు మీద నడిస్తే హవాయి చెప్పులకు తారు ముద్దలు అంటుకునేవి. అమ్మ గుడ్డ ముక్క కిరోసిన్‌లో ముంచి తుడిచేది, చిటికెలో పోయేది. చెప్పుకి పనికొచ్చిన వైద్యం కాలిన కాలికీ పనికొస్తుందనుకోవడం సహజమే. ఆ మేనమామను అందుకే తిట్టలేకపోయాను. ఫోన్లలో "డాక్టర్లు చెప్పని చిట్కా" అని వీడియోలు తిప్పేవాళ్ల మీద మాత్రం నాకు ఏ జాలీ లేదు.

మరి మేమెలా తీస్తాం? కొవ్వులో తారు కరుగుతుంది. నొప్పి తెలియకుండా మందిచ్చి, పెట్రోలియం జెల్లీ ఆధారంగా చేసిన ఆయింట్‌మెంట్ దట్టంగా పూసి, కట్టు కట్టి, కొన్ని గంటలకోసారి మారుస్తాం. అది దొరక్కపోతే పొద్దుతిరుగుడు నూనె, వెన్న కూడా పనిచేస్తాయి. ఒకటి రెండు రోజుల్లో తారు దూదికే అంటుకుని వచ్చేస్తుంది. ఇది చూసి ఒకసారి ఒకామె నన్ను నిలదీసింది: "మీరూ నూనెనే పెడ్తున్నరు గద, మేం పెడితే తప్పేంది?" మంచి ప్రశ్న. వేడి తగ్గకముందే నూనె, వెన్న పూస్తే ఆ వేడి లోపలే ఉండిపోతుంది. చల్లబరచడం అయ్యాక, గాయం ఎంత లోతో చూసుకుంటూ చేసే పని ఇది.

అపోహ: నీళ్లు పోస్తే బొబ్బలు లేస్తాయి, చీము పడుతుంది.

బొబ్బలు కాలడం వల్ల లేస్తాయి. ఐస్ మాత్రం వద్దు. ఒళ్లంతా తడపొద్దు, చిన్నపిల్లలు తొందరగా చల్లబడిపోతారు. కాలిన చోట నీళ్లు, మిగతా ఒంటికి దుప్పటి. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు, పుయ్యకండి.

అపోహ: కొంచెమే పడింది, ఇంట్లోనే మానుతుంది.

పిల్లవాడి అరచెయ్యి, వేళ్లతో కలిపి, వాడి ఒంటిలో దాదాపు ఒక శాతం. అలాంటివి పది కాలితే సెలైన్ ఎక్కించాల్సిందే. చెయ్యి, పాదం, మొహం, కీళ్లు, మర్మాంగాలయితే ఎంత చిన్నదైనా తీసుకురండి. తారు కింద ఎంత లోతు కాలిందో పైకి కనపడదు. వేలి చుట్టూ ఉంగరంలా గట్టిపడితే వాపుకి రక్తం ఆడదు, అది అర్జెంటు. కనురెప్పలు అతుక్కుంటే అసలు విడదీయబోకండి. శుభ్రమైన బట్ట వదులుగా కప్పి 108కి ఫోన్ చేయండి.

ఇక పథ్యం. చీము పడుతుందని పప్పు, గుడ్డు మాన్పిస్తారు. గాయం మానడానికి కావాల్సిందే అవి. ఈ బాబు అమ్మమ్మ కూడా మూడు రోజులు చారన్నమే పెట్టింది. చివరికి వార్డు సిస్టర్ పక్కన కూర్చుని గుడ్డు ఒలిచి తినిపిస్తే, అమ్మమ్మ మొహం అటు తిప్పుకుంది. వాడు రెండోది కూడా అడిగాడు.