ఒకే సోర్స్, మూడు రోమ్‌లు: రెట్రో గేమ్ బిల్డ్‌ల మీద అపోహలు - వాస్తవాలు

పగలు ఫర్మ్‌వేర్ ఉద్యోగం, రాత్రి ఎన్ఈఎస్ (నింటెండో పాత గేమ్ కన్సోల్) హోంబ్రూ, అంటే దానికి సొంతంగా గేమ్‌లు రాయడం, ఇదీ బెంగళూరులో నా లైఫ్. ఇక్కడ మన తెలుగువాళ్ళలో 6502 అసెంబ్లీ (ఎన్ఈఎస్ ప్రాసెసర్‌కి నేరుగా ఆదేశాలు రాసే భాష) నేర్చుకునేవాళ్ళు ఈ మధ్య పెరిగారు, చాలా సంతోషం, కానీ ఒకే సోర్స్ కోడ్ నుంచి రెండు మూడు వెర్షన్ల రోమ్‌లు (గేమ్ ఫైళ్ళు) తియ్యాలి అనేసరికి అందరూ అవే అపోహల దగ్గర ఆగిపోతున్నారు.

అపోహ: వెర్షన్‌కో ఫోల్డర్ కాపీ చేసుకుంటే సేఫ్.
కొన్ని రోజులు సేఫే. ఆ తర్వాత ఒక ఫోల్డర్‌లో బగ్ ఫిక్స్ చేస్తారు, రెండోదాంట్లో మర్చిపోతారు, ఇక ఏది సరైనదో ఎవరికీ తెలీదు. గేమ్‌బాయ్ పోకెమాన్ రెడ్, బ్లూ చూడండి, ఫ్యాన్స్ డిస్‌అసెంబుల్ చేసిన (రోమ్ నుంచి వెనక్కి రాబట్టిన) సోర్స్ ఒక్కటే, అసెంబ్లర్‌కి (కోడ్‌ని రోమ్‌గా మార్చే ప్రోగ్రాంకి) ఇచ్చే డిఫైన్, అంటే ఏ వెర్షన్ కావాలో చెప్పే గుర్తు, మారిస్తే రెండు రోమ్‌లూ ఒరిజినల్‌తో బైట్‌కి బైట్ సరిపోయేలా వస్తాయి. తేడాలు ఎక్కువగా డేటాలోనే, ఏ దారిలో ఏ పోకెమాన్ ఎదురవుతుంది లాంటి టేబుల్స్‌లో.

అపోహ: ఉన్నవి ఎన్‌టీఎస్‌సీ, పాల్ (టీవీ సిగ్నల్ పద్ధతులు) రెండే కదా, ఒక్క పాల్ ఫ్లాగ్ (బిల్డ్‌లో ఆన్/ఆఫ్ స్విచ్) చాలు.
అసలు గొడవంతా ఇక్కడే. ఎన్‌టీఎస్‌సీ మెషిన్ సెకనుకి 60 ఫ్రేములు, ప్రాసెసర్ 1.79 మెగాహెర్ట్జ్. పాల్ మెషిన్ 50 ఫ్రేములు, 1.66 మెగాహెర్ట్జ్. ఎన్‌టీఎస్‌సీ పాటని అలాగే పాల్‌లో పెడితే లయ ఆరింట ఐదొంతులకి పడిపోతుంది, పైగా సౌండ్ కూడా అదే క్లాక్ మీద నడుస్తుంది కాబట్టి శ్రుతి 7 శాతం దాకా దిగుతుంది, అంటే ఒక స్వరస్థానం పైనే. సరే, లయ, శ్రుతి విలువలకి రెండు టేబుల్స్ పెట్టి పాల్ ఫ్లాగ్‌తో మార్చేశాం అనుకుందాం. ఇప్పుడు పాల్ టీవీల కోసం చేసిన క్లోన్ బాక్సుల (ఎన్ఈఎస్‌ని కాపీ కొట్టి చేసిన కన్సోల్స్) సంగతి చూడండి, వాటిలో చాలావాటికి 50 ఫ్రేములే, కానీ క్లాక్ 1.77, అంటే శ్రుతి దాదాపు ఎన్‌టీఎస్‌సీదే. వీబ్లాంక్ (ఒక ఫ్రేమ్ గీయడం అయ్యాక తర్వాతది మొదలయ్యేలోపు గ్రాఫిక్స్ మార్చుకోడానికి దొరికే ఖాళీ సమయం, దీన్ని టీవీ గీతల్లో కొలుస్తారు) ఇంకా విచిత్రం: ఎన్‌టీఎస్‌సీలో 20 లైన్లు, పాల్‌లో 70, ఈ క్లోన్లలో మొత్తం లైన్లు పాల్ లాగే 312 ఉన్నా వీబ్లాంక్ మాత్రం 20 లైన్లే. పాల్‌లో టైం బోలెడుంది కదా అని టైల్స్ (బొమ్మ ముక్కలు) ఎక్కువ అప్‌లోడ్ చేసే కోడ్ ఈ బాక్స్‌లో వేస్తే స్క్రీన్ చెదిరిపోతుంది.

అందుకే నేను అందరికీ గట్టిగా చెప్పేది, ఫ్లాగ్‌కి మెషిన్ పేరు పెట్టకండి, గుణం పేరు పెట్టండి. ఫ్రేమ్‌రేట్_50, పిచ్_పాల్, పెద్ద_వీబ్లాంక్ అని మూడూ వేరువేరుగా. ఎన్‌టీఎస్‌సీ బిల్డ్‌కి మూడూ సున్నా, పాల్‌కి మూడూ ఒకటి, క్లోన్‌కి మొదటిది మాత్రమే ఒకటి. మెషిన్ పేరు ఒక్క కాన్ఫిగ్ ఫైల్లోనే ఉండాలి, గేమ్ కోడ్‌లో ఎక్కడా కనపడకూడదు.

అపోహ: ఇఫ్‌డెఫ్ (ఫ్లాగ్‌ని బట్టి కోడ్‌ని చేర్చే ఆదేశం) లోపల నాలుగు లైన్లు రాస్తే మారేది ఆ నాలుగు లైన్లే.
కాదు, ఆ బిల్డ్‌లో దాని కిందున్న అడ్రస్‌లన్నీ జరుగుతాయి. 6502లో కండిషనల్ బ్రాంచ్ (షరతు నిజమైతే వేరే చోటికి దూకే ఆదేశం) ముందుకి 127 బైట్లు, వెనక్కి 128, అంతే, కాబట్టి ఒక వెర్షన్‌లో చక్కగా అసెంబుల్ అయిన కోడ్ ఇంకోదాంట్లో రేంజ్ ఎర్రర్ ఇస్తుంది. ఎర్రర్ వస్తే అదృష్టమే. డిలే లూప్‌లో (కావాలని టైం గడిపే లూప్‌లో) వెనక్కి దూకే బ్రాంచ్ 256 బైట్ల పేజీ హద్దు దాటితే రౌండ్‌కి ఒక సైకిల్ అదనంగా పడుతుంది, ఏ ఎర్రరూ రాదు, స్టేటస్ బార్ (స్కోర్ చూపించే పట్టీ) విడిపోయే చోటు మాత్రం పక్కకి జరిగిపోతుంది. టైమింగ్ కోడ్‌ని అలైన్ చేసి ఓ పక్కన పెట్టండి, ఇఫ్‌డెఫ్‌ల జోలికి రానివ్వద్దు.

అపోహ: బిల్డ్ పాస్ అయితే పని అయినట్టే.
ప్రతి కమిట్‌కీ (కోడ్ మార్పు సేవ్ చేసిన ప్రతిసారీ) అన్ని వెర్షన్లూ బిల్డ్ చేసి ఎస్‌హెచ్ఏ-1 హ్యాష్ (ఫైల్‌కి వేలిముద్ర లాంటి సంఖ్య) మునుపటిదాంతో పోల్చండి. రోమ్ చిన్నదే, 32 కేబీ కోడ్, 8 కేబీ గ్రాఫిక్స్, 16 బైట్ల హెడర్, మొత్తం 40,976 బైట్లు, ఎంత పాత ల్యాప్‌టాప్ అయినా చిటికెలో అయిపోతుంది. పాల్ కోసమే మార్పు చేశాం అనుకున్నప్పుడు ఎన్‌టీఎస్‌సీ హ్యాష్ కూడా మారిందంటే ఇంకేదో కదిలిందని అర్థం, అక్కడే ఆగి వెతకండి.

అపోహ: పాత గేమ్ కదా, రోమ్ ఎవరికైనా ఇవ్వొచ్చు.
ఇవ్వకూడదు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాం కూడా సాహిత్య రచన కిందకే వస్తుంది. ప్రాక్టీస్ మీ సొంత గేమ్ మీద చెయ్యండి.

ఎమ్యులేటర్‌లో (కన్సోల్‌ని కంప్యూటర్ మీద అనుకరించే ప్రోగ్రాంలో) మూడు మోడ్‌లూ చూశాక అసలు హార్డ్‌వేర్ మీద కూడా తప్పకుండా ఆడించండి. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండేవాళ్ళకి టెస్టింగ్‌కి క్లోన్ బాక్స్ కావాలంటే అడగండి, నా దగ్గరుంది, శనివారాలు ఇస్తాను.