కట్ట వెనుక చెమ్మ

కడప,
అక్టోబరు నెల.

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు జేజినాయన ఆశీస్సులు.

మీ పాఠశాలలో గులాబీ రంగు రిబ్బన్లు పంచి రొమ్ము క్యాన్సర్ గురించి చెప్పారనీ, ఇంటికి వచ్చి "నొప్పే లేనప్పుడు ఆసుపత్రికి ఎందుకు పోవాలి?" అని మీలో చిన్నది అడిగితే పెద్దవాళ్లు మాట మార్చారనీ రాశారు. మాట మార్చవలసిన ప్రశ్న కాదది. మన దేశంలో స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపిస్తున్నది ఇదే. 2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలోనే దాదాపు 1,92,000 మందికి కొత్తగా వచ్చింది, 98,000 మందికి పైగా మరణించారు. కణాలు అదుపు తప్పి ఎలా పెరుగుతాయో మీ జీవశాస్త్రం ఉపాధ్యాయులు నాకన్నా బాగా చెప్పగలరు. నేను చెరువు సంగతి చెబుతాను.

నా బాల్యం పోరుమామిళ్ల చెరువు కింద గడిచింది. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించిన ఆ చెరువు శాసనం 1369 నాటిది. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్ల పాటు పనిచేసినట్టు అందులో ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన 12 లక్షణాలతో పాటు ఉండకూడని 6 దోషాలను కూడా ఆ శాసనం చెప్పింది. కట్ట నుంచి నీరు ఊరడం ఆ దోషాలలో ఒకటి. ఈశాన్య వానలు పట్టి చెరువు నిండే రోజుల్లో చెరువు నీళ్లకు కాపలా ఉండే నీరుగంటి పొద్దున్నే చేతికర్ర పట్టుకొని కట్ట మీద నడుస్తుంటే, మిగులు నీరు పొర్లిపోయే మరువ పారుతుందేమో చూద్దామని మేమంతా ఆయన వెంట పడేవాళ్లం. మా చూపంతా నీళ్ల వైపు ఉండేది, ఆయన చూపు వెనుక వాలు మీద ఉండేది. గడ్డి ఒక్కచోటే మరీ పచ్చగా కనిపిస్తే చాలు, దిగి వెళ్లి మట్టిని వేళ్లతో నొక్కి చూసేవాడు. చెమ్మ అరచేయంత ఉన్నప్పుడు తెలిస్తే నాలుగు గంపల బంకమట్టితో పని తీరిపోయేది. తెలియకపోతే రాత్రికి రాత్రి గండి పడి, కింద మడులన్నీ ఇసుక మేట వేసేవి. కట్ట తనకు నొప్పిగా ఉందని చెప్పదు గదా!

రొమ్ములో తొలి దశ గడ్డ కూడా చాలాసార్లు నొప్పి పెట్టదు. రొమ్ములో గాని చంకలో గాని గడ్డ తగలడం, చర్మం సొట్ట పడడం, చనుమొన లోపలికి పోవడం, దాని నుంచి నెత్తురు కారడం వంటివి చూసినప్పుడు నొప్పి కోసం ఎదురుచూడకూడదు. రోజూ నడిచిన కట్ట గనుకనే నీరుగంటికి కొత్త చెమ్మ తెలిసేది. తన ఒంటి తీరు తెలిసిన స్త్రీకి కూడా మార్పు ముందుగా తెలుస్తుంది. తడి కనిపించిన ప్రతిచోటా గండి పడదు, కొంత ఉత్త వాన తడే. అలాగే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. ఏది ఏమిటో మమోగ్రామ్ అనే రొమ్ము ఎక్స్‌రే, స్కానింగ్ చేసి, అవసరమైతే సూదితో ముక్క తీసి డాక్టర్లు తేలుస్తారు.

ముంబయిలోని టాటా స్మారక ఆసుపత్రి వైద్యులు ఒకటిన్నర లక్షకు పైగా స్త్రీలను 20 ఏళ్లు గమనించి, 2021లో ఫలితాలు ప్రకటించారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకొకసారి చేత్తో పరీక్షించిన వారిలో జబ్బు ముందు దశల్లోనే బయటపడింది. 50 ఏళ్లు దాటినవారిలో ఈ జబ్బుతో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. వేళ్లతో నొక్కి చూడడానికి ఇంత విలువ ఉందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మన వైపు చాలామంది సిగ్గుపడి, గడ్డ మీద పసుపో ఆకు పసరో పట్టించి నెలలు గడిపేస్తారు. ప్రాణం మీదికి తెచ్చే సిగ్గును మర్యాద అనుకోవద్దు. ఇది అంటుకునే జబ్బు కాదు, పాపఫలమూ కాదు. వంశంలో ఎవరికీ లేకపోయినా రావచ్చు, చాలామందికి అలాగే వస్తుంది. మగపిల్లలు నవ్వుకోకండి, అరుదుగానైనా మగవారికీ వస్తుంది.

30 ఏళ్లు దాటిన స్త్రీలకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో చేత్తో చేసే ఈ రొమ్ము పరీక్షకు ఏర్పాటు ఉంది. మీ ఊరి కేంద్రంలో ఏ రోజు చేస్తారో ఆశా కార్యకర్తను అడిగి, అమ్మకూ, అవ్వకూ, పెద్దమ్మకూ చెప్పండి. శెనక్కాయలు పెరికే రోజులు, తీరిక లేదని అమ్మ అంటుంది. ఆ పూటకు బర్రెలకు మేత మీరు వేసి, ఆమెను బస్సెక్కించండి.

ఇట్లు,
మీ జేజినాయన.