డబ్బాలో వారం రోజులుండే కేకు

చిరంజీవులు బుజ్జికీ, చిన్నాకీ తాతయ్య దీవెనలు.

మొన్న వీడియో కాల్‌లో నేను ఓవెన్‌లోంచి కేకు తీయడం చూశారు కదా. ముక్క కోసి నోట్లో వేసుకుంటానని మీరిద్దరూ ఎదురుచూస్తుంటే, నేను దాన్ని చల్లారబెట్టి, కాగితంలో చుట్టి, రేకు డబ్బాలో పెట్టి మూత బిగించేశాను. "తాతయ్యా, వేడివేడిగా తినకుండా దాచేశావేంటి? ఎవరికోసం?" అని చిన్నా అడిగాడు. "ఎవరికోసమూ కాదు నాన్నా, నవంబరు 5 కోసం" అన్నాను. ఆ జవాబు నీకు చాలలేదని నీ మొహంలోనే తెలిసింది. అడిగినవాడికి సరైన జవాబు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. అందుకే ఈ ఉత్తరం.

ఆ కేకు పేరు పార్కిన్. నేనుంటున్న లీడ్స్ ఊరు ఇంగ్లండుకి ఉత్తరాన యార్క్‌షైర్‌లో ఉంది. ఇక్కడా, కొండల అవతల లాంకషైర్‌లోనూ నవంబరు వచ్చిందంటే ఈ కేకు చేస్తారు. నేనిక్కడికి వచ్చిన మొదటి ఏడాది, పక్కింటి పెద్దావిడ గోడ మీదుగా ఒక పళ్లెం అందించింది. అందులో నల్లగా, చదరంగా కోసిన నాలుగు ముక్కలున్నాయి. "తీసుకో, వారం కిందట చేశాను" అంది. నాకు మనసు చివుక్కుమంది. మన ఇళ్లలో పొరుగువాళ్లకి వారం నాటిది పెడతామా? ఏమీ అనలేక తీసుకున్నాను. రాత్రి టీతో ఒక ముక్క తిన్నాను. మెత్తగా, వేలికి అంటుకునేంత జిగటగా ఉంది. తియ్యదనం వెనకాలే శొంఠి ఘాటు నెమ్మదిగా గొంతులోకి దిగింది. నాలుగు ముక్కలూ ఆ రాత్రే అయిపోయాయి. ఆవిడ నాకు పాతది పెట్టలేదు, పండింది పెట్టింది. చేసిన రోజు ముక్క ఎవరికైనా ఇవ్వడం ఆవిడ దృష్టిలో పచ్చికాయ కోసి ఇవ్వడం లాంటిదట.

చేసిన రోజు పార్కిన్ పొడిగా, గట్టిగా ఉంటుంది. మూడో రోజుకి మెత్తబడుతుంది. వారం అయ్యేసరికి పైన జిగురు తేలుతుంది. మిగతా కేకులు రోజులు గడిచేకొద్దీ ఎండిపోతుంటే ఇదెందుకు మెత్తబడుతుంది? దానికి జవాబు నా చిన్నప్పటి ట్రంకు పెట్టెలో ఉంది.

మా ఊరు అనకాపల్లి దగ్గర. చుట్టూ చెరకు తోటలే. సంక్రాంతి దాటాక వెడల్పాటి పెనాల్లో చెరకు రసం ఉడుకుతుంటే ఆ వాసన ఊరంతా కమ్ముకునేది. మేం పిల్లలం చెరకు ఆకులు పట్టుకుని చుట్టూ నిలబడేవాళ్లం. వండేవాళ్లు గరిటెతో ఒక్కొక్కరి ఆకు మీదా వేడి పాకం చుక్క వేసేవారు. ఊదుకుంటూ నాకేవాళ్లం, నాలుకలు కాలేవి, మళ్లీ వెళ్లి నిలబడేవాళ్లం. ఎనిమిదో తరగతికి నన్ను హాస్టల్లో వేశారు. శ్రావణ మాసం, ఒకటే వాన. మా మామ్మ అటుకుల్లో బెల్లం గడ్డలు వేసి, రేకు డబ్బాలో పెట్టి ఇచ్చింది. అందరికీ పంచాల్సి వస్తుందని నేను దాన్ని ట్రంకు అడుగున దాచేశాను. ఇప్పటికీ ఆ పని తలుచుకుంటే బాగుండదు నాకు. పంచి తినాల్సింది.

పది రోజుల తరవాత మూత తీస్తే గడ్డలు చెమట పట్టినట్టు తడితడిగా ఉన్నాయి. కరకరలాడాల్సిన అటుకులు మెత్తబడి, బెల్లం రంగుకి తిరిగి, ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పాడైపోయిందనుకుని ఏడుపొచ్చింది. నోట్లో వేసుకుంటే అంత రుచి నేనెప్పుడూ ఎరగను. ఆ రాత్రి గదిలో అందరికీ పెట్టాను.

ఇప్పుడు ఆ డబ్బాని పార్కిన్ పక్కన పెట్టి చూడండి. అటుకుల చోట ఇక్కడ ఓట్స్. ఓట్స్ అటుకుల్లాగే ఉంటాయని మీకు తెలుసు, మీ అమ్మ పొద్దున పెడుతుందిగా. ఈ కేకులోకి మాత్రం అవి రవ్వలాగా విరిచినవి వాడతారు. బెల్లం చోట ట్రీకిల్. చెరకు రసం నుంచి చక్కెర తీయగా తీయగా చివరికి మిగిలే నల్లటి చిక్కటి పాకం అది. మామ్మ డబ్బా చోట నా బిస్కెట్ల డబ్బా, శ్రావణం చోట యార్క్‌షైర్ నవంబరు. ఇక్కడి నవంబరు కూడా మన శ్రావణమే, చలి ఒకటి ఎక్కువ. బెల్లానికీ ట్రీకిల్‌కీ తడి అంటే దాహం. వాటిలో గ్లూకోజు, ఫ్రక్టోజు అనే చక్కెరలుంటాయి. ముఖ్యంగా ఫ్రక్టోజు తడి ఎక్కడున్నా లాగి పట్టుకుంటుంది, వదిలిపెట్టదు. ఓట్స్ రవ్వ ఆ తడిని నిదానంగా తాగి ఉబ్బుతుంది. బెల్లం పట్టుకుంటుంది, అటుకులు తాగుతాయి, డబ్బా కాపలా కాస్తుంది. డబ్బా లోపల వారమంతా జరిగేది ఇదే. ఈ లోపు శొంఠి, పాకం, వెన్న ఒకదాని వాసన ఇంకొకటి పంచుకుని ఒక్క రుచిగా ఎలా మారతాయో వివరించడం నాకు చేతకాదు. మూత తీసినప్పుడల్లా కాసేపు అలా వాసన చూస్తూ నిలబడిపోతాను.

గోధుమలు ఉండగా ఓట్స్ ఎందుకంటారా? ఇక్కడి పెనైన్ కొండల్లో వాన ఎక్కువ, ఎండ తక్కువ. గోధుమ సరిగ్గా పండదు, ఓట్స్ పండుతాయి. పూర్వం పేదవాళ్ల ఇళ్లలో ఓవెన్లు ఉండేవి కావు, ఓట్స్ పిండితో పెనం మీదే రొట్టెలు కాల్చుకునేవారు. తెల్ల చక్కెర ఖరీదు, ట్రీకిల్ చవక. ఆ చవకకి వెనక ఇంకొకరి కష్టముంది పిల్లలూ. కరీబియన్ దీవుల చెరకు తోటల్లో ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన మనుషుల్ని బానిసలుగా పనిచేయించారు. బ్రిటన్ బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం చేసింది 1833లో. తీపి తినేటప్పుడు అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో ఒక్కసారి అనుకోవడం మంచి అలవాటు.

అమ్మ దగ్గరుంటేనే చేయండి, కొలతలు రాస్తున్నాను. వెన్న 150 గ్రాములు, ట్రీకిల్ 150, గోల్డెన్ సిరప్ (తేనె రంగులో ఉండే పల్చటి చక్కెర పాకం) 100, బ్రౌన్ షుగర్ 100 ఒక గిన్నెలో సన్నటి మంట మీద కరిగించాలి. మరగనివ్వొద్దు. కరిగాక దించి గోరువెచ్చగా అయ్యేదాకా ఆగాలి, లేకపోతే తరవాత వేసే గుడ్డు ఉడికిపోతుంది. ఇంకో గిన్నెలో ఓట్స్ రవ్వ 200, మైదా 200, శొంఠి పొడి మూడు టీ చెంచాలు, వంటసోడా ఒక టీ చెంచా, చిటికెడు జాజికాయ పొడి, చిటికెడు ఉప్పు కలపండి. అల్లం కాదు, శొంఠే వేయాలి. పచ్చి అల్లం ఘాటు వేరు. పాకం పిండిలో పోసి, గిలక్కొట్టిన గుడ్డు ఒకటి, పాలు 100 మిల్లీలీటర్లు వేసి కలిపితే దోసెల పిండి కన్నా కాస్త చిక్కగా వస్తుంది. ట్రీకిల్‌కి కొంచెం పులుపు గుణముంది. అది సోడాతో కలవగానే బుడగలు లేస్తాయి, కేకు పొంగేది వాటివల్లే. అందుకని కలిపాక కబుర్లు చెప్పుకుంటూ కూర్చోకుండా వెన్న రాసిన 22 సెంటీమీటర్ల చదరం పళ్లెంలో పోసి, 150 డిగ్రీల దగ్గర గంట సేపు ఉంచాలి. మధ్యలో పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు. అక్కడ ట్రీకిల్ దొరక్కపోతే నల్లబెల్లం పాకంతో చేసి చూడండి. అది పార్కిన్ అనిపించుకోదు గానీ, దాని పినతల్లి బిడ్డ అవుతుంది.

ఇంక నవంబరు 5 సంగతి. 1605లో కొందరు కాథలిక్కులు, తమ మతాన్ని స్వేచ్ఛగా పాటించనివ్వడం లేదన్న కోపంతో, రాజు జేమ్స్ వచ్చే వేళకి పార్లమెంటుని పేల్చేయాలనుకున్నారు. కింది గదిలో 36 పీపాల తుపాకి మందు దాచారు. కాపలా ఉన్న గై ఫాక్స్ దొరికిపోయాడు. రాజు బతికాడని జనం వీధుల్లో మంటలు వేసుకున్నారు. ఏటా ఆ రోజు చర్చిల్లో ప్రార్థనలు జరపాలని 1606లో చట్టం కూడా చేశారు. 1859లో ఆ చట్టం పోయినా మంటలు మాత్రం ఆగలేదు. ఈ రోజుకీ బాణసంచా కాలుస్తారు, గై పేరుతో బొమ్మని చేసి తగలబెడతారు. ఆ గై ఫాక్స్‌ది మా పక్కనున్న యార్క్ ఊరే. అతను చదివిన సెయింట్ పీటర్స్ బడిలో మాత్రం బొమ్మని కాల్చరు. ఎంత తప్పు చేసినా మా బడి పిల్లాడే కదా అని వాళ్ల భావం. నాకు ఆ మాట చాలా నచ్చుతుంది.

ఆ రోజు ఇక్కడ సాయంత్రం నాలుగున్నర కాకముందే పొద్దుగూకుతుంది. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే, మంట ముందు నిలబడి చేతి గుడ్డలో పార్కిన్ ముక్క పట్టుకుని తింటారు. శొంఠి వెచ్చదనం అప్పుడు తెలుస్తుంది.

మీరొక పని చేయండి. రెండు సాసర్లలో పది పది అటుకులు వేసి, ఒకదాని మీద చిన్న బెల్లం ముక్క, ఇంకోదాని మీద చెంచాడు పంచదార పెట్టండి. చీమలు పట్టకుండా నీళ్లు పోసిన పళ్లేల్లో ఆ సాసర్లని నిలబెట్టి, సముద్రం వైపు కిటికీ దగ్గర ఉంచండి. రోజూ బడికి వెళ్లే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి వేలితో తాకి చూడండి. రోజుకొక అటుకు నోట్లో వేసుకోండి. బుజ్జి పుస్తకంలో రాయాలి, చిన్నా తిని చెప్పాలి. బెల్లం వైపు కరకర ఏ రోజుకి ఆగిందో, పంచదార వైపు ఏమైందో నాకు తెలియజేయండి. నేను ఐదో తారీకు సాయంత్రం మీకు ఫోన్ చేసి, మీ ముందే డబ్బా మూత తీస్తాను.

మీ తాతయ్య